వెలగని కంప్యూటర్ ముందు నవ్విన పిల్ల

మొన్న పింఛను పనిమీద కర్నూలులో బ్యాంకుకు వెళ్లి కూర్చుంటే, ఎదురుగోడన ఒక కంపెనీ క్యాలెండర్ కనబడింది. తమ దాతృత్వ చరిత్రనంతా నెలకొక బొమ్మగా అచ్చువేసుకున్నారు. ఆ నెల బొమ్మలో రెండు జడల పిల్ల ఒకతె పాత కంప్యూటర్ మీటలపై వేళ్లుంచి నవ్వుతున్నది. ఆ పిల్ల నా శిష్యురాలు. ఆ ఫొటో తీసిన రోజు ఆ కంప్యూటర్‌కు కరెంటు ప్లగ్గు కూడా పెట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఓర్వకల్లుకు ఆవల ఒక మగ్గాల ఊరి హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ నేర్చినవాడికిక లోకంలో ఎదురులేదని మనమంతా నమ్మిన కాలం, నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీవాళ్లు మా బడికి పది కంప్యూటర్లూ, వాటికంటే బరువైన ఒక శిలాఫలకమూ మోసుకొచ్చారు. నేర్పే మనిషిని మాత్రం తేలేదు. దాత పేరు రాతిలో చెక్కాక ఇక పిల్లలకు నేర్పేదేముంటుంది?

ప్రారంభం రోజున మా హెడ్మాస్టరు, సైన్సు పట్టా ఉన్న మనిషి, పూజారిని పిలిపించి, వెలుగుతున్న యంత్రాలన్నింటికీ బొట్లు పెట్టించి, మామిడాకుతో నీళ్లు చల్లించాడు. వద్దని నేను మొత్తుకుంటుంటే కంపెనీ అధికారి కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. మూడు కంప్యూటర్లు అక్కడికక్కడే చచ్చాయి. మిగిలిన ఏడింటికి ఏమైనా అయితే తన ఉద్యోగానికి ముప్పని భయపడి, హెడ్మాస్టరు గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "ముట్టుకుంటేనే గదప్పా చెడిపోయేది" అన్నదే ఆయనకు తెలిసిన శాస్త్రం.

ఆ పిల్ల తండ్రి నేతగాడు. పదో తరగతి అయ్యేలోపు కంప్యూటర్ నేర్చుకుంటే పాలిటెక్నిక్‌కు పంపుతానని, లేకుంటే తనలాగే మగ్గం గుంటలో దిగి నెయ్యాల్సిందేనని కూతురికి చెప్పాడు. నేను ఎదురైతే చాలు, "ఏం సార్, మీ పెట్టెలు ఇంగా నిద్రపోతాండాయా? మా మగ్గమే మేలు, కూచుంటే కదుల్తాది" అని ఎగతాళి చేసేవాడు. "ఒక్క తూరి తాళం తీపీండి సార్, శానా పైలంగా ముట్టుకుంటా" అని ఆ పిల్ల ఏడాదంతా నా వెంట తిరిగింది.

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో గంటల తరబడి వాదించినవాణ్ణి కదా, నేను కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను, స్టాఫ్ రూములో అందరి ముందూ హెడ్మాస్టరును తర్కంలో ఓడించాను. ఓడిన మనిషి నవ్వి, మొలతాడు తడుముకుని వెళ్లిపోయాడు. ఒక రాయి తీసుకుని ఆ తాళం పగలగొట్టవచ్చునని మాత్రం నా గొప్ప తర్కానికి తట్టలేదు.

ఏడాది చివర, నా ఉత్తరాలకు జవాబన్నట్టు, కంపెనీవాళ్లు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని దిగారు. గది తెరిపించి, దుమ్ము దులిపించి, జడలు బాగున్నాయని ఆ పిల్లను కూర్చోబెట్టారు.

"ఆన్ చేసేదా సార్?" అని ఆశగా అడిగింది.

"వద్దమ్మా, తెరమీద గీతలొచ్చి ఫొటో పాడవుతుంది. నువ్వు నవ్వు, చాలు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

నవ్వింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వేసవిలో ఆమె మగ్గం గుంటలో దిగింది.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ దాతా ఇవ్వకుండానే ప్రతి చేతిలో ఫోనుంది. ఆమె కూడా తను నేసిన చీరల ఫొటోలు షావుకారికి ఫోనులోనే పంపుతుందట. శిలాఫలకం చెక్కుచెదరలేదు. ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. క్యాలెండర్‌లో మాత్రం ఇంకా పదో తరగతే, అచ్చం ఏదో నేర్చుకుంటున్న పిల్లలాగే నవ్వుతున్నది.