ఓబులమ్మ వంతు మందు

పెద్దముడియం చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. సన్నటి జల్లు. కుందూ నది పొంగి తగ్గి నాలుగు రోజులైంది. నల్లరేగడి నేల. లారీ దిగి పది అడుగులు వేసేలోపే బూట్లు బురదతో రెండింతల బరువయ్యాయి.

మేం అయిదుగురం. డాక్టరైన కెప్టెన్, స్టోరు చూసే హవల్దార్, వైర్‌లెస్ ఆపరేటర్, డ్రైవర్, నర్సింగ్ సిపాయిని నేను. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, రెండు కిరోసిన్ స్టవ్వులు, సూదులు మరగబెట్టే స్టీలు డబ్బా, ఆరు మందుల పెట్టెలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలిరోజులవి. నాది చక్రాయపేట పక్క పల్లె, గొర్రెలు మేపే ఇల్లు. ఇక్కడి మాట తెలిసినవాణ్నని ఈ డ్యూటీకి వేశారు. సొంత జిల్లా అని నేను సంబరపడ్డాను కూడా.

బావులన్నిటిలో వరద నీళ్ళు కలిశాయి. కెప్టెన్ అడిగింది బ్లీచింగ్ పౌడర్. వచ్చింది కాప్స్యూళ్ళు. టెట్రాసైక్లిన్, నాలుగు పెట్టెల నిండా. వాటితో పాటు పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. జబ్బుతో పని లేదు, వరద ఊళ్ళలో ప్రతి మనిషికీ రోజుకు రెండు, అయిదు రోజులు ఇవ్వాలి. ఎంతమందికి ఇచ్చామో రోజూ సాయంత్రం ఆరింటికి వైర్‌లెస్‌లో చెప్పాలి.

"జబ్బు లేనివాళ్ళకు ఎందుకు? ఓవర్" అని కెప్టెన్ అడిగించాడు.

"సంఖ్య పంపండి. ఓవర్" అని జవాబు.

ఆ రెండు ముక్కలు రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. బురద తొక్కని మనిషి ఎవడో కుర్చీలో కూర్చుని అన్న మాట అది.

మూడో రోజు పొద్దున ఎనిమిదికి లైన్లోకి ఓబులమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆవులు, మేకలు ఉన్న ఇల్లు. ఇంట్లో ఆరుగురు. కోడలు లక్షుమ్మకు నెలలు నిండాయి. నేను కాప్స్యూళ్ళు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాకేం జబ్బు ల్యా కదప్పా. జబ్బు లేనోళ్ళకి మందేంది? నీళ్ళు కాంచి తాగుతాండాం. అంబలి, మజ్జిగ తాగుతాండాం. అందరం బాగుండాం."

"ఆర్డరు అవ్వా. తీసుకోవాల."

"అట్లయితే మా వంతు తీసిపెట్టు నాయనా. అవసరమొచ్చినప్పుడు వచ్చి అడుగుతా."

ఆమె వెనక లైన్లో నూరుమంది ఉన్నారు. "సరే అవ్వా, తీసిపెడతా" అన్నాను.

వంతు తీసిపెట్టడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. మా ఇళ్ళలో అంబలి పోసుకునేటప్పుడు మంద వెంట పోయిన మనిషి వంతు ముందే తీసి, మూత పెట్టి పక్కన పెడతారు. ఎంత ఆకలైనా దాన్ని ఎవరూ ముట్టరు. నేను ఆ మూతల మధ్య పెరిగినవాణ్నే. అయినా ఆ సాయంత్రం సంఖ్య తక్కువైందని హవల్దార్ కసిరితే, ఓబులమ్మ ఇంటి ఆరుగురినీ తీసుకున్నట్టు రాసి, ఆ మందు పక్క వీధిలో పంచేశాను. వాళ్ళకూ జబ్బు లేదు.

ఆరో రోజుకు కొత్త తంటా మొదలైంది. నిక్షేపంగా ఉన్నవాళ్ళకు విరేచనాలు పట్టుకున్నాయి. మొదట పడిపోయింది మా వైర్‌లెస్ ఆపరేటరే. ప్రొద్దుటూరు అయ్యవార్ల ఇంటి పిల్లోడు, ఆర్డరు ప్రకారం అయిదు రోజులూ మింగాడు. సెట్టు ముందు కూర్చోలేడు, లేవలేడు.

"నీళ్ళు కాంచే కదన్నా తాగుతాండా! మందు మింగినాకే నాకీ గతి పట్టె" అని ఏడ్చినంత పని చేశాడు.

కెప్టెన్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. కడుపులో లెక్కలేనన్ని క్రిములు ఉంటాయట. అన్నీ శత్రువులు కావు. తిన్నది అరగడానికి సాయం చేసేవి, చెడ్డవాటిని చేరనివ్వకుండా కాపలా కాసేవి కూడా ఉంటాయి. ఈ మందుకు మనవాడెవడో పగవాడెవడో తెలియదు. జబ్బున్నప్పుడు ఆ నష్టం ఓర్చుకోవాలి. జబ్బే లేనప్పుడు కాపలావాళ్ళను మనమే చంపినట్టు.

మేం చేసింది అదే. పైగా ఆ విరేచనాలు పట్టినవాళ్ళను కొత్త రోగులని రాసి, మళ్ళీ అవే కాప్స్యూళ్ళు ఇచ్చాం! సంఖ్య పెరిగింది. పైనుంచి శభాష్ అని కబురు వచ్చింది. సిగ్గులేని శభాష్ అది.

ఎనిమిదో రోజు కెప్టెన్ తన పూచీ మీద పంపకం ఆపేశాడు. కాచిన నీళ్ళు, ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ ఇవ్వమన్నాడు. మజ్జిగ ఎక్కడిది? ఓబులమ్మే తెచ్చింది, రోజూ పొద్దున ఒక కుండ, కాచి చల్లార్చిన నీళ్ళతో చిలికి. ఆపరేటర్ మూడు రోజుల్లో లేచి కూర్చున్నాడు. మజ్జిగతో తగ్గిందో, మందు ఆపినందుకు తగ్గిందో నేను చెప్పలేను. కెప్టెన్ కూడా చెప్పలేదు. అప్పటికి పెట్టెల్లో ఒక్క కాప్స్యూలు మిగల్లేదు. ఉన్న నాలుగు పెన్సిలిన్ సీసాలు ఊపిరితిత్తులకు నెమ్ము చేసిన ఒక ముసలాయనకు వాడాం. అది న్యాయంగా వాడిన మందు. ఆయన బతికాడు.

పదమూడో రోజు పొద్దున తొమ్మిదికి ఓబులమ్మ మంచంతో వచ్చింది. మంచం మీద లక్షుమ్మ. కాన్పై నాలుగు రోజులు. ఒళ్ళు కాలిపోతోంది. పొత్తికడుపు ముట్టుకుంటే కేక పెడుతోంది. కెప్టెన్ చూసి, కాన్పు జ్వరం, మందు వెంటనే పడాలి అన్నాడు.

ఓబులమ్మ నా ముందు అరచెయ్యి చాపింది.

"మా వంతు ఇయ్యి నాయనా. ఆరుగురివీ దీనికే ఏస్తాం."

నేను ఖాళీ పెట్టెల వైపు చూశాను.

"యాడ పెట్టినావప్పా? మర్చిపోతివా? తీసిపెడతానంటివే."

"లేదవ్వా. వేరేవాళ్ళకు ఇచ్చేస్తి."

"వాళ్ళకు జబ్బుండెనా?"

"లేదు."

చాపిన చెయ్యి తీసి ఆమె లక్షుమ్మ నుదుటి మీద పెట్టింది.

ఆపరేటర్ పులివెందులలో మాలాగే మందు పంచుతున్న ఇంకో క్యాంపును వైర్‌లెస్‌లో పిలిచాడు. "కాప్స్యూళ్ళు ఎన్నుండాయి? శానా అవసరం. ఓవర్."

"ఒగటి గూడా ల్యా అప్పా. అందరికీ పంచేస్తిమి. మాదే పెద్ద నంబరు. ఓవర్."

జమ్మలమడుగు ఆసుపత్రికి పోయే దారిలో వంక మళ్ళీ పొంగింది. మంచం దాటించే వీలు లేదు. డ్రైవర్ నడుముకు తాడు కట్టుకుని తొమ్మిది నలభైకి వంకలో దిగాడు. అవతల నడిచి, దొరికిన బండి ఎక్కి జమ్మలమడుగు పోయి, పెన్సిలిన్ సీసాలు తలగుడ్డలో చుట్టుకుని సాయంత్రం అయిదుంబావుకు తిరిగొచ్చాడు. అయిదూ ఇరవైకి మొదటి సూది నేనే వేశాను. మర్నాడు పదకొండుకు లక్షుమ్మ పోయింది. ఆడబిడ్డ మిగిలింది.

"పొద్దున తొమ్మిదికే మందు పడివుంటే?" అని కెప్టెన్‌ను అడిగాను.

"బతికేదని ప్రమాణం చేయలేను. బతకడానికి దారి ఉండేది" అన్నాడు.

ఇవాళ మనవాళ్ళు తుమ్మితే కాప్స్యూలు మింగుతారు. రెండు మింగి మూడోది పారేస్తారు. అడిగిందే తడవుగా ఇచ్చే షాపులూ ఉన్నాయి. ఇంకోపక్క, మజ్జిగ తాగితే చాలు, ఏ మందూ అక్కర్లేదని ఊదరగొట్టేవాళ్ళు బయలుదేరారు. ఈ రెండు రకాలవాళ్ళనూ చూస్తే నాకు ఒకటే కోపం. కుండెడు మజ్జిగ పోసినా లక్షుమ్మ జ్వరం తగ్గేది కాదు. ఆ సంగతి మజ్జిగ చిలికిన ఓబులమ్మకే తెలుసు, అందుకే మందు అడిగింది. ఆ అయిదు రోజులూ జబ్బున్నదెవరో, లేనిదెవరో తెలిసి నడిచిన మనిషి ఆ లైన్లో ఆమె ఒక్కతే.

నేను ఆమె ఎదుట పడటం మానేశాను. మజ్జిగ కుండ రాగానే రెండో గుడారంలోకి పోయేవాణ్ని. ఇంట్లో దినాలు జరుగుతున్నా ఆమె మనవడితో కుండ పంపడం ఆపలేదు. అవి అయ్యాక మళ్ళీ తనే వచ్చింది.

ఇరవై తొమ్మిదో రోజు తిరుగు ఆర్డరు వచ్చింది. పొద్దున ఏడింటికి గుడారాలు విప్పాం. ఎనిమిదికి లారీ స్టార్టయింది. నేను వెనక ఎక్కి కూర్చున్నాను. ఓబులమ్మ బురదలో నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఒక చెంబు. దాని మీద తడిగుడ్డ మూత.

"తాగిపో నాయనా."

"నాకెందుకవ్వా?"

"ఎందుకేంది? నీ వంతు. దినామూ తీసిపెడతాండా. నువ్వు రాకపోతివి. సాయంత్రానికి ఆవు కుడితిలో పోసి, మళ్ళా పొద్దున తీసిపెడతాండా."

తాగాను. చివరిదాకా తాగాను. ఖాళీ చెంబు తీసుకుని, దాని మీద మళ్ళీ గుడ్డ కప్పుకుని వెళ్ళిపోయింది.

మెడల్ ఇచ్చారు ఆ డ్యూటీకి. ఎక్కడో పెట్టెలో ఉంటుంది. ఆ తడిగుడ్డ మూత మాత్రం నేను అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ కళ్ళముందుకు వస్తుంది.