వంశధారకి సారె

గునుపూరు రేవులో మా దోనెల సంఘానికి గది లేదు, బోర్డు లేదు. నేరేడు చెట్టు కింద బోర్లించిన నాలుగైదు తాటి దోనెలు, వాటి మీద ఆరేసిన పంచెలు, అదే సంఘం. తెల్లవారుతూనే మా మావగారు, మా ఆయన, ఇంకో నలుగురు రైతులు దోనెలు నీళ్ళలోకి దింపి, తెడ్లు వేసుకుంటూ ఎగువకి వెళ్ళేవారు. ఎండెక్కేసరికి తెడ్లు ఒళ్ళో పెట్టుకుని, ఏరు ఎలా తెస్తే అలా తిరిగొచ్చేవారు. చేపలు పట్టరు, సరుకు మొయ్యరు. ఎందుకు వెళ్ళారంటే ఊరికే అనేవారు. ఇంట్లో బిందెడు నీళ్ళు తోడమంటే నడుం పట్టేసే మనుషులకి, ఏటికి ఎదురు తెడ్డెయ్యడానికి మాత్రం ఎక్కడలేని ఓపికా వచ్చేది. ఆ మాట నేను పైకే అనేదాన్ని. నా నోటికి ఆ ఇంట్లో అప్పటికే పేరుంది.

నేను పుట్టింది అదే ఏటి ఒడ్డున, దిగువన, హిరమండలం దగ్గర పల్లెలో. కోడలిగా వచ్చేనాటికి గునుపూరు ఒరిస్సాలో కలిసి ఎన్నాళ్ళో కాలేదు. కచేరీలో కాగితాలు ఒడియాలోకి మారుతున్నాయి. భూమి పని పడితే కొండెక్కి కొరాపుట్ పోవాలి. సంతలో సగం ఒడియా, సగం తెలుగు. ఏరు మాత్రం ఎవర్నీ అడక్కుండా మా పుట్టింటి వైపు పోతూనే ఉండేది. కొత్తలో నేను రేవు మెట్టు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి, ఈ నీళ్ళు ఇక్కణ్ణుంచి వెళ్ళి మా అమ్మ బిందెలో పడతాయి కదా అనుకునేదాన్ని. వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు జారుతుంటే కళ్ళు వాటంతట అవే మూసుకునేవి. ఇంట్లోంచి ఎవరూ పిలవకపోతే బాగుండుననిపించేది.

సంఘానికి ఒకే ఒక్క ఆచారం ఉండేది. దాన్ని పెట్టింది మా మావగారు. ఏరంటే అమ్మవారు, ఆవిడ మీదెక్కి ఈ ఆటలేమిటని ఊళ్ళో పెద్దలు మొదట్లో గొణిగారట. వంశధార మన ఇంటి ఆడపడుచు, రోజూ అత్తవారింటికి, సముద్రానికి పోతోంది, పుట్టింటివాళ్ళం కాస్త తోడు వెళ్తే తప్పా అని ఆయన అడిగారట. అప్పట్నుంచి ప్రతి కార్తీకంలోనూ దోనెల్లో కొంత దూరం దిగువకి వెళ్ళి, కొత్త వెదురుబుట్టలో చలిమిడి, పసుపుకొమ్ములు, గాజులు, రవికెల గుడ్డ పెట్టి నీళ్ళలో వదిలేవారు. పెళ్ళయిన ఆడపిల్లకి ఎలా పెడతామో అలాగే, ఏటికి సారె. బుట్ట మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, చేరిపోతుందిలే అనుకుని వచ్చేసేవారు. సముద్రాన్ని మాత్రం వాళ్ళలో ఎవరూ కళ్ళతో చూడలేదు.

యుద్ధం రోజుల్లో జపాను బాంబులకి భయపడి సముద్రపొడ్డు నుంచి జనం లోపలి ఊళ్ళకి పారిపోయి వచ్చినప్పుడు, భీమిలి నుంచి ఒక మాస్టారు, నర్సు పని చేసే ఆయన భార్య మా వీధిలో దిగారు. వాళ్ళు క్రైస్తవులు. యుద్ధం అయిపోయాక మాస్టారు వేలంలో మిలట్రీ గుడారం గుడ్డ కొని, వెదురు బద్దలతో గూడు అల్లి, దాని మీద ఆ గుడ్డ బిగించి, తారు పూసి ఒక పడవ చేశారు. అందులో ఒక్కరే, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చోవాలి. తెడ్డుకి రెండు వైపులా రెక్కలు. నల్లగా, సన్నగా ఉండే ఆ పడవని రైతులు కొర్రమీను అని వెక్కిరించారు. అది వాళ్ళ దోనెలన్నింటినీ దాటేసి పోయాక నోళ్ళు మూసుకుని మాస్టార్ని సంఘంలో కలుపుకున్నారు.

ఆ మరుసటి వానాకాలంలో మా ఆడపడుచు మూట పట్టుకుని ఒక్కతే నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు దిగి ఇంటికొచ్చింది. పెళ్ళయి మూడేళ్ళు. అత్తవారిది కళింగపట్నం దగ్గర పల్లె, ఏరు సముద్రంలో కలిసేచోటికి కోసెడు దూరం. మొగుడు కొడతాడు. మా ఇంట్లో అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఈసారి భుజం మీద దెబ్బ పుండైంది, చెయ్యి పైకి లేవడం లేదు. మాస్టారి భార్య రోజూ వచ్చి కట్టు కట్టింది. పుండు మానింది కాని పిల్ల నోరు విప్పదు, చెయ్యి కదపదు. చెయ్యి బాగవ్వాలంటే దానికి పని చెప్పాలంటూ ఆవిడ ఒకరోజు మా ఆడపడుచుని రేవుకి తీసుకుపోయి, కొర్రమీనులో కూర్చోబెట్టి తెడ్డు చేతికిచ్చింది. మా అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. మావగారు మాత్రం చుట్ట వెలిగించుకుని ఒడ్డున కూర్చున్నారు.

ఆ పొద్దుటి పూటలు నాకిప్పటికీ కళ్ళు మూస్తే వస్తాయి. నీళ్ళ మీద మంచు పరుచుకుని ఉండేది. అవతలి ఒడ్డు లేదు, కొండలు లేవు, ఉన్నదల్లా తెడ్డు నీళ్ళలో మునిగే చప్పుడు. ఆ చప్పుడు ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. కాసేపటికి మంచులోంచి ముందు నల్లటి పడవ ముక్కు, తర్వాత మా ఆడపడుచు మొహం బయటికొచ్చేవి. ఆ మొహం రోజురోజుకీ తేటపడటం నేను చూశాను. ఓ రోజు నేనూ ఎక్కుతానని పట్టుబట్టి ఎక్కీ ఎక్కకముందే బోల్తా కొట్టాను. చీరంతా తడిసి, జుట్టునిండా నాచుతో నేను లేచేసరికి అది పగలబడి నవ్వింది. పుట్టింటికొచ్చాక అదే మొదటి నవ్వు. ఇంకోసారి పడమన్నా పడేదాన్నే.

ఈలోగా పెద్దమనుషులు మాట్లాడేశారు. అల్లుడు ఇకమీదట చెయ్యి చేసుకోనన్నాడట. కార్తీక పున్నమి వెళ్ళగానే పిల్లని దింపి రమ్మన్నారు. ఆ సాయంత్రం గోంగూర వలుస్తూ మా ఆడపడుచు తల ఎత్తకుండా నాతో అంది, "వదినా, నాను మళ్ళీ ఎలితే బతికి రాను."

మా ఆయనతో పోట్లాడాను. నాన్నకి చెప్పేంతవాణ్ణా నేను అన్నాడు. మా అత్తతో అన్నాను. ఆవిడ బియ్యప్పిండి దంచుతూ ఏడ్చింది, ఏడుస్తూనే దంచింది. మావగారి దగ్గరికి వెళ్ళి, పిల్ల ఇలా అంటోందని ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోడలు మావగారితో అంత సూటిగా మాట్లాడ్డం ఆ ఇంట్లో అదే మొదలు. ఆయన నా వైపు చూడలేదు. ఈ ఏడు ఏటి సారె సముద్రం దాకా తీసుకెళ్ళి మనమే అప్పగిద్దాం, పిల్లనీ అదే దారిని దింపుదాం అన్నారు. రైలైతే ఆ సాయంత్రానికే నౌపడాలో దించేస్తుంది, అక్కణ్ణుంచి అత్తవారూరికి బండి మీద పోవచ్చు. ఏటి దారిన మూడు నాలుగు రోజులు. కన్నకూతురి కంటే దోనెల సరదాయే ఎక్కువైందని నేను మనసులో తిట్టుకున్నాను. ఆయనకి కావలసింది ఆ మూడు నాలుగు రోజులేనని తర్వాతెప్పుడో అర్థమైంది.

మా అత్త ఒకేలాంటి రెండు బుట్టలు సర్దింది. ఒకటి ఏటికి, ఒకటి కూతురికి. దారిలో మా పుట్టిల్లు ఉంది కనక నన్నూ రానిచ్చారు. మాస్టారు దోనెలోకి మారి కొర్రమీనుని మా ఆడపడుచుకి వదిలేశారు. వానలు వెనకబట్టి ఏరు నిండుగా, నెమ్మదిగా ఉంది. తెడ్డు వెయ్యక్కర్లేదు. రెల్లు పూసిన ఇసుకతిన్నెలు మమ్మల్ని దాటి వెనక్కి పోతున్నాయో, మేమే పోతున్నామో తెలిసేది కాదు. ప్రతి రేవులోనూ ఎవరో ఒక చుట్టం నిలబడి, తిని వెళ్ళండర్రా అని కేకేసేవాడు. దిగితే పొద్దు వాలేదాకా వదిలేవాళ్ళు కాదు. మా పుట్టింటి రేవులో మా అమ్మ నాకూ, నా ఆడపడుచుకీ కలిపి తలంటింది. సాయంత్రం ఇసుకలో కట్టెల మంట చుట్టూ తల ఆరబెట్టుకుంటూ కూర్చుంటే, నిప్పు వెలుగు నీళ్ళలో వణికేది. ఈ ఏరు ఇలా సాగుతూనే ఉంటే, సముద్రమన్నది ఎప్పటికీ రాకపోతే ఎంత బాగుణ్ణని అనుకున్నాను. మా ఆడపడుచు మనసులో ఏముందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సముద్రం రానే వచ్చింది. పున్నమి మర్నాటి పొద్దున, ఏరు చెరువంత వెడల్పయి, గాలి ఉప్పగా తగిలింది. ఎదురుగా తెల్లటి నురగ గీత, దాని వెనక ఆకాశమో నీళ్ళో తెలియని నీలం. మావగారు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నారు. పొద్దెక్కేసరికి అత్తవారి బండి ఒడ్డుకి వస్తుంది. ఆలోగా ఏటి సారె ఇచ్చేద్దామని ఆయన పసుపు జల్లి, దణ్ణం పెట్టి, మొదటి బుట్టని నీళ్ళలో వదిలారు. మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు.

బుట్ట కొంత దూరం పోయింది. పోయి నిలిచిపోయింది. ఒక చుట్టు తిరిగింది. ఆ తర్వాత, మేమందరం చూస్తుండగానే, మెల్లగా మా వైపు రావడం మొదలుపెట్టింది. మా దోనెల్ని రాసుకుంటూ, మేం వచ్చిన దారినే ఎగువకి పోతోంది. దోనెలకి తగులుతున్న నీళ్ళూ అటే పోతున్నాయి. ఏరు వెనక్కి నడవడం మాస్టారు తప్ప మాలో ఎవరం ఎన్నడూ ఎరగం, గడప దాటనివ్వని అత్తింట్లో మూడేళ్ళున్న మా ఆడపడుచుతో సహా. మా ఆయన దోనె అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. మావగారు మాస్టారి వైపు తిరిగారు.

"మాస్టారూ, ఇదేటి? మా వల్ల తప్పేటైనా జరిగిందేటి? సారె ఎనక్కి ఇచ్చీసింది."

తప్పేమీ లేదని మాస్టారు నెమ్మదిగా చెప్పారు. ఇది సముద్రం పోటు. పోటు మీదున్నప్పుడు నీళ్ళు ఏట్లోకి ఎక్కుతాయి, తర్వాత దిగుతాయి. భీమిలిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇవాళ పున్నమి వెళ్ళిన పాడ్యమి కనక జోరు ఎక్కువ, అంతే.

"ఇవాలేనా, రోజూనా?"

"రోజూనండి. రోజుకి రెండుసార్లు."

మావగారు చాలాసేపు ఆ వెనక్కి నడిచే నీళ్ళని చూస్తూ నిలబడ్డారు. బుట్ట కొర్రమీను దగ్గరికి చేరింది. మా ఆడపడుచు తెడ్డుతో దాన్ని దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"రోజూ అత్తోరింటికెల్లి రోజూ ఎనక్కొచ్చీసినా ఏరు ఏరే గదా," అన్నారాయన. "దానికెవుడైనా వంకెట్టినాడేటి, మాస్టారూ?"

"ఎవరూ పెట్టలేదండి," అన్నారు మాస్టారు.

బండి వచ్చింది. అల్లుడి అన్నగారూ, ఇంకో పెద్దమనిషీ దిగారు. మావగారు రెండో బుట్ట తీసుకెళ్ళి బండిలో పెట్టి, సారె మీ ఇంటికి తెచ్చాం, పిల్లని మాత్రం తీసుకెళ్ళిపోతున్నాం అని చేతులు జోడించారు. నలుగురూ ఏమంటారన్నారు వాళ్ళు, మాట ఇచ్చి తప్పుతారా అన్నారు, గొంతు పెంచారు. ఆయన జోడించిన చేతులు దించలేదు. ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చి కూతురి వైపు చూశారు.

"అమ్మీ, తెడ్డు తీసుకో."

అది తీసుకుంది. పోటు మమ్మల్ని మోసుకుపోయింది. ముందు కొర్రమీను, వెనక దోనెలు. ఒడ్డున బండి చిన్నదైపోతోంది, కొబ్బరిచెట్ల మీద ఎండ పడుతోంది. నేను బాహాటంగా ఏడ్చాను, సంతోషంతోనే. మా ఆడపడుచు ఒళ్ళో బుట్టలోంచి చలిమిడి తుంచి దోనె దోనెకీ అందించింది. సముద్రం నీళ్ళు తగిలి అది ఉప్పగా, తియ్యగా ఉంది. కొంత దూరం పోయాక పోటు చచ్చిపోయి ఏరు మళ్ళీ ఎదురైంది. అక్కణ్ణుంచి అందరం తెడ్లు వేశాం. నేను కూడా వేశాను, వంకరటింకరగా. ఇంటికి చేరాక మా అత్త ఎదురొచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి కూతురి కాళ్ళు కడిగి లోపలికి తీసుకుపోయింది.

ఊరు నోరు ఊరుకోలేదు. ఊరికి జవాబు చెప్పడానికి నా నోరు పనికొచ్చింది. మా ఆడపడుచు మాస్టారి భార్య వెంట ఆస్పత్రికి వెళ్ళి పని నేర్చుకుంది, తర్వాత అక్కడే ఉద్యోగంలో కుదిరింది. సంఘం మాత్రం ప్రతి కార్తీకంలోనూ సముద్రం దాకా వెళ్ళేది. సారె వదిలాక ఎవరూ వెంటనే బయల్దేరకూడదని మావగారు పెట్టిన పద్ధతి. నీళ్ళు వెనక్కి తిరిగేదాకా కూర్చోవాలి. ఎండలో, గాలిలో, ఏమీ మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చునేవాళ్ళం. అలా కూర్చున్న వేళల్లో నేను పొందిన నెమ్మది ఇంకెక్కడా పొందలేదు.

మా పెద్దమ్మాయి పెళ్ళి అయ్యేసరికి మావగారికి చూపు ఆనడం లేదు. గునుపూరు స్టేషన్లో చిన్న రైలు దగ్గర అందరూ పిల్లకి చెప్పవలసినవన్నీ చెబుతున్నారు. సర్దుకుపొమ్మన్నారు, అదే నీ ఇల్లన్నారు. ఆయన తడుముకుంటూ ముందుకి వచ్చి దాని తల మీద చెయ్యి వేశారు.

"దారి సూసుకుంటూ ఎల్లమ్మీ. ఎల్లిన దారే రావడానికీ పనికొస్తాది."

మగపెళ్ళివారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రైలు కదిలింది. పక్కనే నిలబడ్డ మా ఆడపడుచు, పిల్లకి కట్టిచ్చిన చలిమిడిలోంచి తీసి ఉంచిన చిన్న ముక్క నా నోట్లో పెట్టింది. నేను అక్కడే, ప్లాట్‌ఫారం మీద నిలబడి తిన్నాను.