సీసాలు పట్టుకునే ఊరు

పిల్లలకు కథలు వినిపించే హైదరాబాద్ ఆడియో సంస్థకు నా మొదటి కథ పంపాను. అందులో కొండమీద బేరాలు సాగే ఒక చిన్న ఊరుంది. అక్కడి అంగట్లో నీడను మూరల లెక్కన అమ్ముతారు, వానను సీసాల్లో పోసి అమ్ముతారు. రాసుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున అక్కడి ఎడిటర్ ఫోన్ చేసింది. "కథ బాగుందండీ. కానీ రోజూ మధ్యాహ్నం దుకాణదార్లంతా బేరం ఆపేసి సీసాలు గట్టిగా పట్టుకుంటారెందుకు? కారణం చెప్పలేదు. సాయంత్రంలోగా రాసిస్తే తీసుకుంటాం, లేకపోతే కష్టం."

నాకు ఒళ్లు మండింది. నీడలు అమ్మితే అడగని మనిషి, సీసాలు పట్టుకుంటే అడుగుతుందా! ఫోన్ పెట్టేశాక గానీ వెలగలేదు, ఈ అలవాటు అన్ని ఊళ్లలో ఉండదని. ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్కన పుట్టి పెరిగినదాన్ని, లోకమంతా మధ్యాహ్నం సీసాలు పట్టుకుంటుందనే అనుకున్నాను.

కారణం కోసం బుర్ర గోక్కుంటుండగానే మధ్యాహ్నమై గని సైరన్ మోగింది. అమ్మ ఉరికొచ్చి తొక్కు జాడీ పట్టుకుంది. నేను అరలోని గాజు గ్లాసులు పట్టుకున్నాను. గనిలో బ్లాస్టింగ్ జరిగింది, ఇల్లు ఊగింది, గోడ పగులులోంచి సున్నం రాలింది. జాడీ వదలకుండానే అమ్మ అడిగింది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

సంగతంతా చెప్పాను. అమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది.

"అయితె ఆ ఊరి కిందగూడ బొగ్గు పడ్డదా?"

"గట్లనే రాస్త! కారణం దొరికింది గదా."

"మరి వాళ్లు యాడికి పోవాలె?"

గని కోసం మా ఊరు ఖాళీ చేయాలని కంపెనీవాళ్లు చెప్పి వెళ్లి నెల కూడా కాలేదు. పక్క వాడవాళ్లు అప్పుడే తలుపులు ఊడదీసుకుని పోయారు. ఆ దిగులు మరవడానికే కదా నేను వేరే ఊరు కట్టుకున్నది! ఏడుపొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది.

"గా ఊరు నీ చేతిల ఉన్నది బిడ్డా," అంది అమ్మ. "దాన్నన్న ఉండనియ్యి."

సాయంత్రానికి రాసి పంపాను. ఆ ఊరి కింద ఒక ముసలి భూతం నిద్రపోతుంటుంది. మధ్యాహ్నం ఒకసారి పక్కకు ఒత్తిగిల్లి, మళ్లీ నిద్రపోతుంది. అందుకే జనం సీసాలు పట్టుకుంటారు. ఎడిటర్ సరేనంది.

అమ్మకు చదివి వినిపించాను. విని అడిగింది.

"ఆ భూతం కోసం ఊరిని ఎవ్వలు తవ్వరు గదా?"

"తవ్వరమ్మా," అన్నాను.