ఈశ్వరరావు బ్యాట్ విసిరిన పూట

సుయ్‌మని ఒక గాలి చప్పుడు. ఆ వెనకే ఏమీ లేని ఒక క్షణం. తరవాత సిమెంటు నేల మీద ఠప్పుమని ఏదో పడ్డ చప్పుడు. నాలుగడుగుల చెప్పుల శబ్దం. మళ్ళీ సుయ్.

సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్ పేటలోని ఆ బ్లాకులో పన్నెండు అంతస్తుల వాళ్ళకీ ఆదివారం ఈ చప్పుడుతోనే తెల్లారేది. కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో ఒక నల్ల గొడుగు పైకి లేచి, తన చుట్టూ తాను ఒకటిన్నర సార్లు తిరిగి, తాను ఎవరిదీ కానట్టు రెప్పపాటు ఆగి, పడిపోయేది. విసిరినాయన దాని వంక చూసేవాడు కాదు. గడ్డం పైకెత్తి, లేని బంతి వెళ్ళిన వైపు చూస్తూ నిలబడేవాడు. గోడ మీద 'బంతి ఆటలు నిషేధం' అని బోర్డు ఉంది. ఈశ్వరరావు చట్టానికి కట్టుబడ్డ మనిషి. అందుకే బంతి లేకుండా ఆడేవాడు.

అతనికి నలభై తొమ్మిదేళ్ళ పది నెలలు. బ్యాంకులో డేటాబేసులు చూస్తాడు. విజయనగరంలో కాలేజీ జట్టుకు క్రికెట్ ఆడాడు. సింగపూర్‌లో క్రికెట్ గ్రౌండు బుకింగ్ దొరక్క, తక్కిన తెలుగువాళ్ళతో కలిసి బేస్‌బాల్‌లోకి వచ్చాడు. బూన్ లే వైపు ఒక మైదానం ఆదివారాలు ఖాళీగా ఉండేది. ఆ ఆట మీద వాళ్ళకు కలిగిన ప్రేమకు మరో కారణం కనపడదు. నెల తిరిగేసరికి జట్లు రెండయ్యాయి: వుడ్‌ల్యాండ్స్ వీరులు, సెరంగూన్ సింహాలు. ఆట నేర్చుకోవడానికి ఏడాది పట్టింది గాని, పగ పట్టడానికి ఒక్క సాయంత్రం సరిపోయింది.

ఆ పగకు శాస్త్రం వీడియోల్లో దొరికింది. అమెరికాలో బంతిని కంచె దాటించినవాడు బ్యాట్‌ని గాల్లోకి విసిరి తాపీగా చూస్తూ నిలబడితే, బంతి వేసినవాడికి అది తలకొట్టేసినట్టుంటుందట. ఆ కోపం తరవాతి బంతిగా ఎవరి పక్కటెముకల్లోకైనా రావచ్చు. అప్పుడు రెండు జట్లూ బెంచీలు ఖాళీ చేసి ఒకరి మీదికొకరు పరిగెడతాయి. కొరియాలో అయితే ఆ విసురే ఒక కళ. మనవాళ్ళు బంతి ఎలా కొట్టాలో ఆ వీడియోల్లో చూడలేదు. ఈ భాగమే మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు.

సెరంగూన్ తరఫున బంతి వేసేది కౌశల్, నిజామాబాద్ వాడు. ఒకప్పుడు ఈశ్వరరావు దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు అదే బ్యాంకులో ఈశ్వరరావుకే పై అధికారి అయ్యాడు. ఆఫీసులో 'ఈశ్వర్' అంటాడు. మైదానంలో 'అంకుల్' అంటాడు. రెండూ ఒకే చోట గుచ్చుకుంటాయి. అతని సంబరం వేరు. ఎవరినైనా ఔట్ చేయగానే జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి, పెళ్ళికొడుకులా నడిచి వచ్చి, బ్యాటర్ ముందున్న తెల్లపలక మీద పెడతాడు. హాకర్ సెంటర్‌లో భోజనం తెచ్చుకునే ముందు బల్ల మీద ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకున్నట్టు. అక్కడ దాన్ని 'చోప్' అంటారు.

"చోప్ అయింది అంకుల్. జర వేరే టేబుల్ చూస్కోరాదు."

ఇలా ఏడుసార్లు. ఏడు ప్యాకెట్లనూ ఈశ్వరరావు ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద వరసగా పేర్చాడు. ఒకరోజు భార్య వసుంధర వాటి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు! అవి టిష్యూలు కావు."

"మరేంటండీ?"

"ఏడు అవమానాలు."

"అయితే ఒక అవమానం ఇలా ఇవ్వండి. జలుబు చేసి చస్తున్నాను."

కూతురు ఆమని ఫోన్‌లోంచి తలెత్తకుండా సింగపూర్ ఇంగ్లీషులో అంది: "నాన్నా, ఫస్ట్ మస్ట్ హిట్ ది బాల్, లా. దెన్ ఓన్లీ త్రో ది బ్యాట్."

"కొట్టడం దేవుడి దయమ్మా. ఇసరడం ఒక్కటే మన సేతిలో ఉంది."

కాలం మాత్రం అతని చేతిలో లేదు. లీగ్ నియమం ప్రకారం యాభై నిండినవాళ్ళు ఆడకూడదు. సలహాదారులవుతారు. అంటే టెంటు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక తెల్ల టోపీ, ఎవరూ అడగని సలహాలు. సెరంగూన్‌తో ఆడబోయే ఈ ఏటి ఫైనల్ దాటితే అతనికి బ్యాట్ లేదు. కౌశల్ కళ్ళ ముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దాన్ని విసరాలి. అందుకే ఆ ఆదివారం ఏడు ప్యాకెట్లూ జేబుల్లో కుక్కుకుని రైలెక్కాడు.

ఆఖరి ఇన్నింగ్స్. స్కోరు ఆరుకి ఆరు. సమానంగా ముగిస్తే కప్పు నిరుటి విజేతలైన సెరంగూన్ దగ్గరే ఉండిపోతుంది. ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు ఔటైతే ఆట ముగిసినట్టే. ఒక్క పరుగు చాలు. ఈశ్వరరావు వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, ఎనిమిదోది సెంటు వాసనది తెచ్చిన. నీ కోసమే."

"ఎయ్యి బాబూ. కబుర్లు రేపు ఆఫీసులో సెప్పుకుందాం."

మొదటి బంతి తప్పిపోయింది. రెండోదీ అంతే. మూడో బంతి, ఎందుకో, దారి తెలిసినట్టు సరిగ్గా బ్యాట్ మీదికే వచ్చింది. దెబ్బ చప్పుడు చెవికి చేరేలోపే అరచేతులకు తెలిసింది. బంతి కంచె మీదుగా, చెట్ల మీదుగా, కూసే ఒక పక్షిని ఊరుకోబెట్టి, ఎండలో కలిసిపోయింది.

ఈశ్వరరావు విసిరాడు.

ఒకటిన్నర చుట్లు. బ్యాట్ గాల్లో ఆగినంతసేపూ అతనికి వయసు లేదు, పై అధికారి లేడు. తరవాత జేబుల్లోంచి ప్యాకెట్లు తీసి ఒక్కొక్కటే పలక మీద పేర్చాడు. ఏడోది పెట్టేసరికి జట్టంతా ఈలలు వేస్తూ వచ్చి, అతన్ని భుజాలకెత్తుకుని, బెంచీ దగ్గర దింపి, మెడలో దండ వేసింది. కౌశల్ తల దించుకుని గ్లవ్ విప్పేశాడు. ఆట చూడ్డానికి వచ్చిన ఆమని గొంతు ఒక్కటే "రన్ లా! నాన్నా, రన్!" అని ఆ గోలలో మునిగిపోయింది.

అంపైర్ కృష్ణప్రసాద్ వృత్తిరీత్యా ఆడిటర్. నియమాల పుస్తకం ప్రింటు తీసి, పేజీలకు రంగుకాగితాలు అంటించుకున్న మనిషి. గోల తగ్గేదాకా మర్యాదగా ఆగి, దగ్గరికొచ్చాడు.

"ఈశ్వరరావు గారూ, పరిగెత్తలేదేమండీ?"

"సిక్స్ కదండీ!"

ఆ మాట మైదానమంతా వినపడింది. క్రికెట్‌లో సిక్స్ కొట్టినవాడు కదలక్కర్లేదు. బేస్‌బాల్‌లో బంతి సముద్రంలో పడ్డా సరే, నాలుగు మూలలా ఉన్న నాలుగు బేస్‌లూ కాలితో తాకి వస్తేనే పరుగు. పరిగెత్తకుండా బెంచీకి చేరితే ఔట్. అక్కడున్న పద్దెనిమిది మందికీ ఈ సంగతి తెలుసు. పద్దెనిమిది మందిదీ క్రికెట్ రక్తమే. గెలిచాననుకున్నవాడూ, ఓడాననుకున్నవాడూ ఒకేసారి మర్చిపోయారు. వేయిసార్లు సాధన చేసిన ఈశ్వరరావు, ఆ సాధనను గొడుగు పడ్డచోటే ఆపేవాడు.

కప్పు సెరంగూన్ దగ్గరే ఉండిపోయింది. కౌశల్ పలక దగ్గరికి వచ్చాడు. ఎనిమిదో ప్యాకెట్ జేబులోంచి సగం తీసి, అక్కడున్న ఏడింటినీ చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"నాకూ యాదికి రాలే అంకుల్. సచ్చిపోయిన అనుకున్న."

ఆ వారమే లీగ్ సమావేశంలో లేచి, వయసు గీత యాభై ఐదుకు జరపాలని పట్టుబట్టిందీ కౌశలే. ఎందుకని అడిగితే చిరాకుపడ్డాడు. "ఆయన కుర్చీల కూసుంటే నేను ప్యాకెట్ ఎవరి ముందట పెట్టాలె?"

తీర్మానం నెగ్గింది. మరుసటి ఆదివారం వుడ్‌ల్యాండ్స్ బ్లాకు కింద మళ్ళీ సుయ్‌మంది. ఠప్పుమంది. అయితే ఈసారి చెప్పుల శబ్దం నాలుగడుగులతో ఆగలేదు. స్తంభం నుంచి స్తంభానికి టపటపమంటూ, రొప్పుతూ, ఒక చుట్టు చుట్టి వస్తోంది. ఈ కథ రాసుకుందామని కాగితం పట్టుకుని ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఈశ్వరరావు పరుగు ఆపకుండానే అరిచాడు:

"కాస్త పక్కకి జరగండి బాబూ! మీరు నిలబడింది సెకండ్ బేస్ మీద!"