ఆగిన ఆటకు కొత్త కెపాసిటర్లు

గల్ఫ్‌లో ఏసీ మెకానిక్‌కు దేవుడి తర్వాత దిక్కు కెపాసిటరే. ఎండాకాలం రాగానే మోటారుకు ఊపునిచ్చే ఆ చిన్న డబ్బా ఉబ్బుతుంది, మనకు పని దొరుకుతుంది. పదిహేనేళ్లుగా బహ్రెయిన్‌లో నేను తింటున్న అన్నంలో సగం ఉబ్బిన కెపాసిటర్లు పెట్టిందే. మా ఊళ్లో బహ్రెయిన్‌ను కూడా దుబాయి అనే అంటారు. సరిదిద్దడం మానేశాను.

గలాలీలో ఒక రిటైరైన లెక్కల మాస్టారి ఇంటికి ఏటా సర్వీసుకు వెళ్తాను. ఆయన బహ్రెయినీ, ముసలాయన. మా మధ్య నడిచేది హిందీ, అందులో సగం అరబ్బీ. ఇద్దరికీ సరిగ్గా రాని భాష కాబట్టి గొడవలు రావు. మొన్న ఎండాకాలం డాబా మీది యూనిట్‌లో కెపాసిటర్ మార్చి, పాతది ఆయనకు చూపించాను. చేతిలో తిప్పి చూసి, "ఇలా ఉబ్బినవి నా దగ్గర కూడా ఉన్నాయి" అంటూ లోపలికి తీసుకెళ్లాడు.

బల్ల మీద ఒక పాత కంప్యూటర్ ఉంది. కీబోర్డూ మిషనూ ఒకే పెట్టె, మీటల మీద అరబ్బీ అక్షరాలు, పక్కన క్యాసెట్ ప్లేయరు. ఆ రోజుల్లో కంప్యూటర్‌లో చేసిన పనిని పాటల క్యాసెట్‌లాంటి దాంట్లోనే దాచేవారట. మూత విప్పితే లోపల చిటికెన వేలి గోరంత కెపాసిటర్లు, కొన్ని ఉబ్బి, కొన్ని కారి ఉన్నాయి. ఇప్పుడు దీన్ని బాగు చేయించి ఏం చేస్తారని అడిగాను.

ఆయనకో తమ్ముడు, అదే ఇంట్లో పక్క గదిలో ఉంటాడు. ముప్పై ఏళ్ల కింద అన్నదమ్ములిద్దరూ ఆ కంప్యూటర్‌లో చదరంగం ఆడేవారు. ఓడిపోయే సూచన కనపడితే చాలు, తమ్ముడు "దాచి పెట్టు, మిగతాది రేపు" అని లేచిపోయేవాడట. అలా దాచిన చివరి ఆట క్యాసెట్‌లో ఉండగానే మిషన్ పాడైంది. ఇప్పుడు తమ్ముడికి మతిమరుపు జబ్బు. రోజూ పొద్దున అన్నను చూసి, "మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు?" అని మర్యాదగా అడుగుతాడు. చాయ్ కూడా పోయిస్తాడు.

"ఆ ఆట చూస్తే నేను గుర్తొస్తానేమో" అన్నాడు ముసలాయన, ఫ్రిజ్‌లో పెరుగు ఉందేమో అన్నంత మామూలుగా.

"కెపాసిటర్ అంటే కెపాసిటరే, బాబా. ఖలాస్, అయిపోయిందనుకోండి" అన్నాను.

నా రూమ్మేట్ సనాబిస్‌లో మొబైల్ రిపేర్ దుకాణంలో పనిచేస్తాడు. నాకంటే చిన్నవాడు, మా జిల్లావాడే. కొత్త కెపాసిటర్లు వాడే తెచ్చిచ్చాడు.

"అన్నా, గివి ఏసీయి లెక్క కావు. ఎట్ల వెట్టాల్నో ఎర్కేనా?"

"పదిహేనేండ్ల సంది గిదే పని జేస్తున్న. నాకు జెప్తున్నవా?"

వాడు నోరు మూసుకున్నాడు. మూసుకోకుండా ఉండాల్సింది.

శుక్రవారం గలాలీ వెళ్లాను. ముసలాయన టార్చిలైటు పట్టుకున్నాడు. చిన్నవాటిని పాతవి ఎలా ఉంటే అలాగే అతికించాను. పెద్దదాన్ని మాత్రం, అక్షరాలు నా వైపు ఉంటే అందంగా ఉంటుందని తిప్పి పెట్టాను. ఏసీ కెపాసిటర్‌కు ఏ వైరు ఎటు తగిలించినా ఒకటే. దీని పక్కన ఒక తెల్ల గీత ఉంది. డిజైన్ అనుకున్నాను.

స్విచ్ వేశాక లోపల రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఠప్పుమంది. పొగ, నీచు వాసన.

"ఇలాగే అవుతుందా?" అన్నాడు ముసలాయన.

"మొదటిసారి ఇలాగే అవుతుంది" అన్నాను.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి, ఏం కాలిందని అడిగాడు. చేప అన్నాడు అన్న. "మాడిపోయినట్టుంది" అని తమ్ముడు వెళ్లిపోయాడు.

రూమ్మేట్‌కు ఫోన్ చేశాను.

"గా గీత దిక్కు మైనస్ ఉంటదే అన్నా! ఉల్టా వెట్టినవ్."

"బోర్డు బతికుంటదా?"

"దేవునికెర్క."

నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది. ఒక మనిషికి తన తమ్ముడిని తిరిగి తెచ్చే దారి ఒకటే ఉంటే, దాన్ని నా పొగరుతో కాల్చేశాను. ఫోన్ పెట్టేసి, తప్పు నాదేనని ముసలాయన దగ్గర ఒప్పుకున్నాను. ఆయన టార్చి ఆర్పాడు.

"ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పెట్టే పిల్లల్ని బతుకంతా చూశాను. చెరిపి మళ్లీ చెయ్యి."

మరుసటి శుక్రవారం రూమ్మేట్‌ను వెంట తీసుకెళ్లాను. పెద్దదాన్ని మార్చాను. ప్రతి గీతనూ వాడు వేలు పెట్టి చూశాకే స్విచ్ వేశాను. తెర నీలంగా వెలిగింది. క్యాసెట్ కాసేపు కీచుమని అరిచింది, ఆ తర్వాత చదరంగం బల్ల కనపడింది. నల్లరాజు పక్కన రెండు బంట్లు మాత్రం మిగిలున్నాయి. నల్లవి తమ్ముడివి.

అన్న వెళ్లి తమ్ముడిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. తమ్ముడు ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరెవరు?" అన్నాడు. ముసలాయన ముఖం చూడలేక నేను స్క్రూలు ఏరడం మొదలుపెట్టాను.

తమ్ముడు తెరవైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.

"దాచి పెట్టు. మిగతాది రేపు."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తలగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ నా భుజం పట్టి ఊపాడు. "చూశావా, వాడే! అదే దొంగ!" అన్నాడు. రికార్డు మీట నన్ను ముట్టుకోనివ్వలేదు, తానే నొక్కాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు. "పొద్దున మళ్లీ మీరెవరని అడిగాడు. మధ్యాహ్నం ఆట పెట్టాను. దాచి పెట్టమన్నాడు. నువ్వు ఇంకో సెట్టు కెపాసిటర్లు తెప్పించి ఉంచు."

"అక్కర్లేదు బాబా. ఇవి ఇంకో ఇరవై ఏళ్లు వస్తాయి" అన్నాను.

"అయినా ఉంచు" అన్నాడు.