ఎనిమిది గంటలకు ముందు వచ్చిన ఫోన్లు

ఆ రోజుల్లో, అంటే మరీ పూర్వకాలమేమీ కాదు, నాలుగేళ్ల కిందట, మర్యాదగా అడిగేవాళ్లంతా మర్యాదస్తులేనని నేను నమ్మేదాన్ని. అప్పిచ్చే యాప్ కూడా నన్ను ఎంతో మర్యాదగానే అడిగింది. ముందు ‘మీ భాష ఎంచుకోండి’ అంది. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. బజారులో బెంగాలీ, ఆటోలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, గడప దాటి ఇంట్లోకొచ్చాకే తెలుగు. అందుకని మురిసిపోయి తెలుగు నొక్కాను. ఆ తర్వాత ‘మీ ఫోనులో ఉన్న నంబర్లు చూడవచ్చా’ అంది. చూస్తే ఏం పోతుందిలే అని దానికీ సరేనన్నాను. నన్ను ఏ భాషలో తిడితే బాగా తగులుతుందో, ఎవరి ముందు తిడితే ఇంకా బాగా తగులుతుందో, రెండూ నా వేలితో నేనే చెప్పేశానని అప్పుడు నాకు తట్టలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తా ఉద్యోగం. వచ్చిన బోల్టులెన్ని, వెళ్లిన బోల్టులెన్ని అని రాసుకోవడం పని. నాతో పనిచేసే అమ్మాయిలందరి ఫోన్లకీ వెనక మూడేసి కళ్లుండేవి. నా ఫోనుకి ఉన్నది ఒక్కటే, అదీ శుక్లం పట్టిన కన్ను. అందరం కలిసి ఫొటో దిగాలంటే నా ఫోను తీయమని ఎవరూ అడిగేవారు కాదు. (ఇది అప్పు చేయడానికి చాలిన కారణమేనా అని మీరు అడగవచ్చు. ఇప్పుడు నేనూ అదే అడుగుతున్నాను.) యాప్‌లో అప్పు తీసుకుని మూడు కళ్ల ఫోను కొన్నాను. ఇంట్లో మాత్రం కంపెనీ వాళ్లిచ్చారని చెప్పాను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. దాన్ని రెండు చేతులతో అందుకుని, “జాగర్తగా వాడు. కంపెనీ సరుకు” అన్నాడు. మర్నాడు గోల్‌బజారులో టీ కొట్టు దగ్గర చేరే తన పాత వర్క్‌షాపు స్నేహితులకు కూడా, మా పిల్లకి కంపెనీ ఫోనిచ్చింది అని చెప్పుకున్నాడట.

నాలుగు వాయిదాలు సక్రమంగానే కట్టాను. తర్వాత ఫ్యాక్టరీకి ఆర్డర్లు రాక మాకు రెండు నెలలు జీతాలు ఆగాయి. నేనే ఫోన్ చేసి గడువు అడిగితే, అవతల ఒక తీయని గొంతు ‘నోట్ చేసుకున్నాం మేడమ్’ అంది. ఏం నోట్ చేసుకుందో తర్వాతి సోమవారం ఉదయం ఆరూ నలభైకి తెలిసింది. నేను తెలుగు నొక్కాను కదా, నాకోసం ప్రత్యేకంగా ఒక తెలుగువాణ్ణి పెట్టారు. అదీ మా తాతల ఊళ్ల వైపు శ్రీకాకుళం యాసవాణ్ణే. “ఏటమ్మా, పడుకున్నావా? మా డబ్బులు తిని నిద్దరెలాగ పడతంది నీకు?” అన్నాడు. సొంత యాసలో తిట్టు వింటే ఎలా ఉంటుందంటే, ఇంట్లోవాళ్లే లేపి చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత ప్రతిరోజూ అదే వేళకు చేసేవాడు. ఏమీ తెలియని మా అమ్మ, “రోజూ పొద్దుటే ఎవడే ఆ మేలుకొలుపులోడు?” అని అడిగితే, ఆఫీసు వాళ్లు అని చెప్పేదాన్ని. నాకు మాత్రం వాడికి ఆ పేరే ఖాయమైపోయింది.

నేను ఫోను ఎత్తడం మానేశాక మేలుకొలుపు నా నంబర్ల జాబితా మీద పడ్డాడు. అందులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. అయినవాళ్లు ఓ పాతిక మంది, మిగతా వాళ్లంతా గ్యాస్ దాదా, టైలర్ దీదీ, ప్లంబర్, చిన్నప్పటి లెక్కల మేష్టారు, ఎప్పుడో ఒకసారి ఇందా పేటకి ఎక్కిన ఆటో అతను. వాడు మాత్రం పక్షపాతం లేకుండా అందరికీ చేశాడు. అందరికీ తెలుగు రాదు కనుక హిందీలో కూడా చేశాడు. గ్యాస్ దాదా సిలిండరు దింపి, చెమట తుడుచుకుని, మా అమ్మ ముందే, “దీదీ, ఆప్ కా లోన్ బాకీ హై క్యా? ముఝే ఫోన్ ఆయా థా” అన్నాడు, మీ అప్పు బాకీ ఉందా, నాకు ఫోనొచ్చింది అని. అతని గొంతులో వెటకారం లేదు, నిజమైన జాలి ఉంది. పైగా సిలిండరు డబ్బులు వచ్చేసారి ఇచ్చినా ఠీక్ హై అన్నాడు. ఆ జాలిని మాత్రం నేనీనాటికీ క్షమించలేకపోతున్నాను. టైలర్ దీదీ జాలిపడలేదు. కుట్టిన జాకెట్టు తన దగ్గరే ఉంచుకుని ముందు డబ్బు పంపమని కబురు చేసింది. ఫ్యాక్టరీలో మేం పెద్దబాబు అని పిలిచే మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఆఫీసు నంబరుకి ఇలాంటి ఫోన్లు వస్తే నా ప్రొబేషన్ గురించి ఆలోచించాల్సి వస్తుందని చాలా మెత్తగా చెప్పాడు. నా జీతం ఆపిన మనిషే ఆయన. సరేనండి అని వచ్చి మళ్లీ బోల్టులు లెక్కపెట్టుకున్నాను.

నాన్న ఒకరోజు సాయంత్రం గోల్‌బజారు వెళ్లలేదు, అంతే. మర్నాడూ వెళ్లలేదు. మూడోనాడు అమ్మ, “టీ కొట్టుకి ఎల్లరా?” అని అడిగితే, “మోకాలు నొప్పిగా ఉన్నాది” అన్నాడు. మోకాలికి ఏ నొప్పీ లేదని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. టీ కొట్టు స్నేహితుల్లో ఇద్దరి నంబర్లు నా ఫోనులో ఉన్నాయన్న సంగతి నాకు ఒక్కదానికే తెలుసు.

అలా అందరికీ చేసుకుంటూ పోయి మేలుకొలుపు మా మేనత్తకి కూడా చేశాడు. వాడు చేసిన తప్పల్లా అదే. మా అత్త, నాన్నకి అక్క, రైల్వే పర్సనల్ ఆఫీసులో ముప్పయ్యేళ్లు పనిచేసింది. నోటిమాటగా చెప్పింది ఏదీ జరిగినట్టు లెక్క కాదని ఆవిడ నమ్మకం. ఝపటాపూర్‌లో మా వెనక వీధిలోనే ఉండేది. ఆ రోజు పొద్దున్నే చేతిలో ఒక కాగితంతో వచ్చి, “గుంటా, ఎంత అప్పు, ఎన్ని కట్టినావు, ఎన్ని తప్పినావు, దాపరికం లేకుండా సెప్పు” అంది. ఏడుస్తూ అంతా చెప్పాను, కంపెనీ ఫోను అబద్ధంతో సహా. ఆవిడ అబద్ధం దగ్గర ఆగలేదు. “ఏడుపు తరవాత. వాడు ఎన్ని గంటలకి చేస్తాడు?” అంది.

మర్నాడు ఆరున్నరకే వచ్చి నా ఫోను పక్కన కూర్చుంది. మోగగానే తనే ఎత్తి, స్పీకరు పెట్టింది. “బాబూ, ఇప్పుడు టైమెంతయింది?” అంది. వాడు నువ్వెవత్తివి అన్నాడు. “ఆరూ నలభై రెండు. పొద్దుట ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు దాటినాక వసూలు ఫోను చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు రూలున్నాది. అప్పు తీసుకున్నోళ్లని తప్ప వాళ్ల సుట్టాల్ని, పక్కింటోళ్లని పీకకూడదని కూడా ఉన్నాది. నీ పేరేటి? నీ ఏజెన్సీ ఏటి? కంపెనీ నీకిచ్చిన కాగితం నంబరు సెప్పు, రాసుకుంతాను” అంది. వాడు పెట్టేశాడు. అత్త టీ తాగి ఇంటికి బయల్దేరబోతుండగా, సరిగ్గా ఎనిమిదీ ఒక నిమిషానికి మళ్లీ మోగింది. “ఇప్పుడు ఎనిమిదయింది గదా” అన్నాడు మేలుకొలుపు. మా అమ్మకి నవ్వాగలేదు. ఆ నెలంతా మా ఇంట్లో ఎవరైనా నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ రోజే ఫిర్యాదు మొదలైంది. వచ్చిన ప్రతి ఫోనుకీ తేదీ, వేళ, అన్న మాట నా చేత నోటుబుక్కులో రాయించింది. బూతులున్న చోట చుక్కలు పెడితే ఒప్పుకోలేదు. “సుక్కలు సాక్ష్యం కాదు. అన్నదన్నట్టు రాయి” అంది. గ్యాస్ దాదాకి, టైలర్ దీదీకి, మేష్టారికి ఏ నంబరు నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చిందో వాళ్ల దగ్గరికి వెళ్లి కనుక్కుని రమ్మంది. పోయిన పరువుకి లెక్క రాసుకోవడానికి గడప గడపకీ తిరగడం ఎలా ఉంటుందో చెప్పను. తర్వాత అప్పిచ్చిన కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి ఉత్తరం. అప్పు ఉందని ఒప్పుకో, ఎప్పటికి ఎంత కట్టగలవో రాయి, ఆ తర్వాత వాళ్లేం చేశారో రాయి, అదీ వరస అంది. “కట్టనని ఒక్క ముక్క కూడా రాయకు. మనం ఎగ్గొట్టీవోళ్లం కాదు.” అలాగే రాసి, “నాలుగు వాయిదాలు కట్టాక రెండు నెలలుగా ఒక్క పైసా కట్టలేకపోయాను” అన్న వాక్యం నేను పైకి చదువుతుంటే, వరండాలో కూర్చున్న నాన్న లేచి వచ్చాడు.

“అలగ రాయకప్పా” అన్నాడు అత్తతో. “ఆరువేలు కట్టినాం.”

ఎవరు కట్టారని అడిగింది అత్త. నాన్న గోడకేసి చూస్తూ చెప్పాడు. టీ కొట్టు స్నేహితుడి ఫోనుకి వాడు చేసినరోజే, స్నేహితుడు ఫోను నాన్న చేతికిచ్చాడట. ఇప్పుడే ఆరువేలు పంపితే ఇంకెవరికీ చెయ్యను, లేకపోతే రేపు నలుగురు మనుషుల్ని ఇంటి ముందు కూర్చోబెడతాను అన్నాడట వాడు. నాన్నకి ఫోనులో డబ్బు పంపడం రాదు. ఆ స్నేహితుడి చేతే పంపించి, అందరి ముందూ పెన్షను డబ్బు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి వచ్చాడు. పంపింది కంపెనీ ఖాతాకి కాదు, మేలుకొలుపు సొంత నంబరుకి.

“రసీదు?” అంది అత్త. నాన్న తల అడ్డంగా ఊపాడు. రైల్వే సొసైటీలో పది రూపాయలు కట్టినా రసీదు పట్టుకొచ్చి రేకు డబ్బాలో దాచుకునే మనిషి. “ఇంటి ముందు కూసుంతారన్నాడు” అన్నాడు. అత్త నా వైపు తిరిగి, “రాయి. ఆరువేలు, పలానా నంబరుకి, బెదిరించి తీసుకున్నాడు” అంది. పాత వాక్యం కొట్టేసి రాస్తే ఒప్పుకోలేదు. కొత్త కాగితం తీసుకుని మళ్లీ రాయించింది.

ఠాణాకి కూడా తీసుకెళ్లింది. అక్కడ కుర్చీలో ఉన్నాయన, లోన్ తీసుకున్నాక ఇవ్వాలి కదా మాసీమా అని బెంగాలీలో పిన్నిగారి వరస కలిపి అన్నాడు. అత్త కూడా బెంగాలీలోనే, “టాకా దేబో. గాలి శున్‌బో నా” అంది. డబ్బిస్తాం, తిట్లు వినం అని. అప్పు సంగతి కాదు, బెదిరించి డబ్బు లాగిన సంగతి మీకు చెబుతున్నాం, ఈ నకలు మీద ముద్ర వెయ్యండి అంది. ముద్ర పడే దాకా బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

కంపెనీ నుంచి నెల్లాళ్లకు జవాబొచ్చింది. మీరు చెప్పిన చెల్లింపు మా రికార్డుల్లో లేదు అని రెండు వాక్యాలు. ఆరువేలూ పోయినట్టేననుకున్నాను. అత్త మాత్రం, “ఇదే కావాల” అంది. వాళ్ల దగ్గర న్యాయం జరగలేదన్న కాగితం ఉంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చట. నెల గడిచినా జవాబు రాకపోతే కూడా పోవచ్చట. ఖర్చేమీ లేదు, వకీలు అక్కర్లేదు. అప్పు చేసి కొన్న ఆ మూడు కళ్ల ఫోనులోనే కాగితాలన్నీ ఫొటో తీసి పంపించాను. ఫొటోలు చాలా స్పష్టంగా వచ్చాయి. (అందుకు మాత్రం ఆ ఫోను పనికొచ్చింది.)

రెండు నెలలు పట్టింది. ఈలోగా జీతాలొచ్చాయి, వాయిదాలు మళ్లీ మొదలుపెట్టాను, ఫోన్లు ఆగిపోయాయి. చివరికి కంపెనీ ఉత్తరం రాసింది. వసూలు పని బయటి ఏజెన్సీకి ఇచ్చామని, ఆ వ్యక్తిని తొలగించారని, ఆరువేలు నా అప్పులో జమ చేశామని, ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని. నేను గెలిచాను. అత్త ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఎక్కడా లొసుగు లేదని ఒప్పుకుంది. నాకు మాత్రం ఆ అసౌకర్యం అన్న మాట మింగుడు పడలేదు. అసౌకర్యం అంటే బస్సులో కిటికీ తెరుచుకోకపోవడం. రెండు వందల మందికి ఫోన్ చేసి నేను దొంగనని చెప్పినవాళ్లు, కాదని ఒక్కరికి కూడా ఫోన్ చెయ్యలేదు. మేలుకొలుపు గురించి కూడా అప్పుడప్పుడు ఆలోచన వచ్చేది. ఉద్యోగం పోయింది వాడికి ఒక్కడికే. పొద్దున్నే తిట్టమని వాడికి జీతమిచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

ఉత్తరం నాన్నకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, కింద సంతకం దాకా చదివాడు. మళ్లీ పైకి వెళ్లి మొదటి వరుస చూశాడు. అక్కడ నా పేరుంది.

“నా పేరు లేదేటి ఇందులో?” అన్నాడు.

మామూలుగానే అడిగాడు, రేషను కార్డులో పేరు పడలేదని అడిగినట్టు. అప్పు తీసుకున్నవాళ్లకే రాస్తారు నాన్నా అన్నాను. “అవున్లే. నాకెందుకు రాస్తారు” అని కాగితం మడిచి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే, అత్తకి చెప్పకుండా, కంపెనీకి ఇంకో ఉత్తరం రాశాను. మీరు మా నాన్నని అందరి ముందూ అవమానించారు, ఆయన అప్పు తీసుకోలేదు, హామీ ఉండలేదు, కాబట్టి ఆయన పేరు మీద విడిగా క్షమాపణ రాయండి అని. అలా అడగడానికి ఏ రూలుందో నాకు తెలియదు. రిజిస్టరు పోస్టులో పంపి, ముట్టినట్టు కార్డు కూడా తెప్పించుకున్నాను. జవాబు రాలేదు. నాన్న గోల్‌బజారు మళ్లీ వెళ్లలేదు. ఇందాలో బస్సులాగే చోట, తనని ఎవరూ ఎరగని ఒక కొట్లో టీ తాగడం అలవాటు చేసుకున్నాడు.

అప్పు తీరిపోయి కూడా చాలాకాలమైంది. ఆ ఇరవై మూడేళ్ల పిల్ల మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా, “నాన్నకి ఏమైనా ఉత్తరం వచ్చిందా?” అని దాదాపు ఏడాదిపాటు రోజూ అమ్మని అడిగేది. వస్తుందని నిజంగానే నమ్మింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. రాదులేవే అని అప్పుడు దానికి ఎవరూ చెప్పనందుకు సంతోషంగా కూడా ఉంటుంది.