మూడో ఫోటోకు దండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, నా దృష్టిలో. జర్మనీలోని ఫ్రైబర్గ్‌కు గనుల చదువుకని వచ్చి, ఊరంతా గాలించి, చివరికి ఒక పేటలోని పబ్బు పైన గది సంపాదించాను. కింద వాళ్ళు బీరు తాగుతుంటే పైన నేను పులిహోర కలుపుకునేవాణ్ణి. పబ్బు నడిపే ఆవిడను మేం తెలుగు కుర్రాళ్ళం పెద్దమ్మ అనేవాళ్ళం. వాళ్ళ ముత్తాత గని పని మానేసి, తన ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి మొదలుపెట్టాడట. తర్వాత తాత, ఆ తర్వాత తండ్రి, ఇప్పుడు ఈవిడ. ఆ ముగ్గురు మగవాళ్ళ ఫోటోలూ గోడ మీద వరసగా ఉండేవి.

ఆ ఏడు చలి మొదలయ్యేసరికి పబ్బుకు నూరేళ్ళ పండుగ వచ్చింది. (నిండాయి అనకూడదు గానీ, నిండాయి.) నా గది ఒప్పందమూ ఆ నెలతోనే సరి. "పొడిగించడం ఇంటి ఓనర్ ఇష్టం. పండుగకు వస్తారు, అడుగుతా" అంది పెద్దమ్మ. చలికాలం ముందు ఆ గది పోతే నాకు రోడ్డే గతి. ఆ ఓనరెవరో గానీ, గుమ్మంలోకి రాగానే నా మంచితనం కళ్ళబడాలనుకున్నాను.

మంచితనమంటే మాకు పెద్దలను గౌరవించడమే కదా. మా హన్మకొండ ఇంట్లో ఫ్రేము కట్టి గోడెక్కినవాళ్ళంతా పోయినవాళ్ళే. బతికున్నవాళ్ళు బీరువాలో, ఆల్బంలో ఉంటారు. అందుకని సూపర్‌మార్కెట్‌లో నాలుగు కుండీల తెల్ల చామంతులు కొని, పూలన్నీ తుంచి, సూదీదారంతో మూడు దండలు గుచ్చాను. పండుగ మధ్యాహ్నం అందరికన్నా ముందు దిగి, మూడు ఫోటోలకూ వేసి, కొవ్వొత్తులు వెలిగించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడ చూసి గొంతు తగ్గించుకుంటున్నారు. ఆహా, ఏం భక్తి అనుకున్నాను! ఒక ముసలావిడైతే మూడో ఫోటో చూసి ఏడ్చేసింది. "ఎప్పుడు జరిగింది? నిన్న కూడా రొట్టెల కొట్లో కనబడ్డాడే!"

భోజనానికని వెంట వచ్చిన మా ఖమ్మం స్నేహితుడు నా చెయ్యి గిల్లాడు. "రేయ్, ఈడ తెల్ల చామంతులు సమాధుల మీద పెడ్తరు రా!"

"పోయినోళ్ళకే గదరా ఏసిన!"

"మూడో ఆయన పోయిండని నీకెవ్వడు జెప్పిండు?"

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ ఒక ముసలాయనను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, "మా నాన్న. ఇంటి ఓనర్" అంది. మీసం తెల్లబడింది గానీ, ఫోటోలోని మీసమే అది.

ఆయన తన ఫోటోను, దండను, కొవ్వొత్తిని తీరిగ్గా చూశాడు. "నన్ను చంపిందెవరు?" అన్నాడు. నేను క్లాసులోలాగా చెయ్యెత్తాను. వచ్చీరాని జర్మన్‌లో మా ఇంటి గోడ సంగతంతా చెప్పుకున్నాను. పెద్దాయనకు ముందు దగ్గు వచ్చింది, తర్వాత నవ్వు, ఆపైన రెండూ. దండ తీసి మెడలో వేసుకుని, "నేను బతికున్నన్నాళ్ళూ గది ఇతనిదే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నా అవస్థ చూడాలి! ఆయన తుమ్మితే నాకు చెమటలు పట్టేవి. జలుబంటే మిరియాల చారు, మెట్ల దగ్గర నా భుజం, మందులు వేసుకున్నాడా లేదా అని రోజూ తనిఖీ. "ఏందిరా అంత ప్రేమ?" అని మా ఖమ్మం వాడు ఎగతాళి చేస్తే, "ప్రేమ కాదు, మళ్ళ గది ఎవడు దేవులాడాలె?" అనేవాణ్ణి. అప్పుడది నిజమే. కానీ చారు తాగుతూ ఆయన తన తాత కాలం కబుర్లు చెప్పేవాడు, ఒక్కోరోజు గది సంగతే గుర్తొచ్చేది కాదు.

ఇప్పుడు ఇంగోల్‌స్టాట్ అనే ఊళ్ళో కార్ల కంపెనీ ఉద్యోగం, సొంతిల్లు. ఆయనకు తొంభై దాటాయి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. మొన్న ఆయనే అడిగాడు: "ఆ గది నువ్వు వదిలేసి ఎన్నేళ్ళయింది! ఇంకా నేను బతికుండాలని నీకెందుకయ్యా?"

గది కోసం చారు మోసిన ఆ గడుసు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. జవాబు చెప్పబోయి మాట మార్చాను. "అక్కడ చలిగా ఉందా? స్వెట్టర్ వేసుకున్నారా?" అన్నాను.